అమావాస్య వారం, పది మంది పిల్లలు

విదేశాల నుంచి నిధులు తేవాలంటే ఇంగ్లీషు బాగా వస్తే చాలని మీలో చాలామంది అనుకుంటున్నారు. మొన్న మా పాత ఆఫీసుకి వెళ్తే కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు నా మొహం మీదే ఆ మాట అన్నారు. తప్పు వాళ్లది కాదు. నేనూ అలా అనుకునే ఈ పనిలోకి దిగాను. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పీ చెప్పీ విసుగెత్తి, నలభై దాటాక, పుట్టుకతో గుండె జబ్బులున్న పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయించే సంస్థలో చేరాను. నా ఇంగ్లీషు మీద నాకు ఉండే పొగరు అంతా ఇంతా కాదు. అందులో సగం ఒక సోమవారం నాడు చల్లపల్లి దగ్గర ఒక నేతగాళ్ల ఇంట్లో దిగిపోయింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది, అది వేరే సంగతి.

మా ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చీరల షాపు మీద రెండో అంతస్తులో ఉండేది. కింద ఆషాఢం సేల్ పెట్టారంటే మైకు హోరు మా వీడియో కాల్స్‌లోకి వచ్చేసేది. "మీ ఊళ్లో ఏదైనా పండుగా?" అని యూరప్ నుంచి అడిగితే, "పండుగ కాదండీ, డిస్కౌంటు" అని చెప్పేదాన్ని. నా పని ఏమిటంటే, డబ్బున్న వాళ్లనీ, చెయ్యి తిరిగిన డాక్టర్లనీ, ఖాళీ ఉన్న ఆపరేషన్ థియేటర్‌నీ ఒక దగ్గరికి చేర్చడం. ఒక దేశంలో ఫౌండేషన్ వాళ్లు పరికరాలు కొనిస్తారు. ఇంకో దేశం నుంచి సర్జన్ తన బృందంతో వచ్చి వారం రోజులు ఉంటాడు. విజయవాడలో ఒక ఆసుపత్రి థియేటర్ ఇస్తుంది. ఈ ముగ్గురినీ కలిపే మనిషిని నేను.

ఆ ఫౌండేషన్ తరఫున నాతో మాట్లాడే ఒకావిడ ఉండేది. నాకంటే అయిదారేళ్లు పెద్ద. ప్రతి మంగళవారం మధ్యాహ్నం రెండేళ్ల పాటు మేం వీడియో కాల్‌లో మాట్లాడుకున్నాం. ఆవిడ ఏమడిగినా నా నోట "తప్పకుండా" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. రిపోర్టు రెండు వారాల ముందే కావాలా? తప్పకుండా. సర్జన్ గారికి ఫలానా వారమే వీలవుతుందా? తప్పకుండా, మాకూ అదే బాగుంటుంది. దాతలంటే మగపెళ్లివారి లాంటివాళ్లని నా లెక్క. అడిగింది లేదనకూడదు, ముఖం చిట్లించకూడదు, వెనకాల మనం ఎన్ని పాట్లు పడినా వాళ్లకి తెలియకూడదు.

అలా ఒప్పుకున్న వారాల్లో ఒకటి ఇది. పది మంది పిల్లలు, రోజుకి రెండు ఆపరేషన్ల చొప్పున మంగళవారం నుంచి శనివారం దాకా. ఆదివారం సాయంత్రం సర్జన్ బృందం విమానం ఎక్కేస్తుంది. ఫౌండేషన్ ఆవిడ కూడా స్వయంగా వస్తోంది. వారమంతా చూసి, విజయవాడలో పిల్లల గుండె విభాగం శాశ్వతంగా పెట్టడానికి సాయం చెయ్యాలా వద్దా అని తమవాళ్లకు చెప్తుంది. ఇంత మంచి అవకాశం మళ్లీ రాదని ఆఫీసంతా సంబరంగా ఉన్నాం.

మా ఫీల్డ్ కోఆర్డినేటర్ ఒక్కడే సంబరపడలేదు. మైలవరం మనిషి, నలభై ఏళ్లుంటాయి. మోటారు సైకిలు మీద ఊరూరా తిరిగి జబ్బున్న పిల్లల్ని వెతికి, తల్లిదండ్రులను ఒప్పించి తెచ్చేది అతనే. ఒకరోజు నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఒక్క మాటండీ. ఆ మంగళవారం అమావాస్య పడిందండీ."

"అయితే?"

"మనోళ్లు రారండీ."

నాకు ఒళ్లు మండింది. "గుండెకి తిథులు తెలుసా అయ్యా?" అన్నాను.

"గుండెకి తెలీదండీ. నాయనమ్మలకి తెలుసండీ" అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా.

"నువ్వు వెళ్లి గట్టిగా చెప్పు. ఈ రోజుల్లో కూడా అమావాస్య ఏమిటి, సిగ్గులేకపోతే సరి" అని పంపేశాను. పది రోజులు తిరిగి వచ్చాడు. ఏమన్నారని అడిగితే, "అందరూ అలాగేనండీ అన్నారండీ. అందుకే భయంగా ఉందండీ" అన్నాడు. మన వైపు మనుషులు మొహం మీద కాదనరు. మజ్జిగ ఇచ్చి, మంచం వాల్చి, తలూపి పంపిస్తారు. అది నాకు తెలియనిదా? నేను పుట్టి పెరిగిందీ ఇక్కడే కదా. కానీ ఆ వారం నాకు కావలసింది ఆ తలూపడమే కాబట్టి దాన్నే నిజమనుకున్నాను. ఫౌండేషన్ ఆవిడకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రికి వెళ్లాను. పది మంది పిల్లలకు పది మంచాలు, కొత్త దుప్పట్లు వేసి ఉన్నాయి. నాలుగే నిండాయి. వచ్చిన వాళ్లలో ఇద్దరు ముస్లిం కుటుంబాల పిల్లలు, ఒకరు చర్చికి వెళ్లే వాళ్ల అబ్బాయి, నాలుగో పాప మేనమామ డాక్టరు. మిగిలిన ఆరు మంచాల పక్కన మా కోఆర్డినేటర్ ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఫోన్ దించాడు గానీ, చెప్పానా అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

వార్డు అవతలి చివర సర్జన్ గారు ఫైళ్లు చూసుకుంటున్నాడు. ఆయన వేలు ఒక పేరు దగ్గర ఆగింది. ఏడేళ్ల పాప. గుండె గదుల మధ్య గోడకి రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు. నాలుగడుగులు వేస్తే పెదాలు నీలంగా తిరిగి గొంతుక్కూర్చునేది. పది మందిలోకీ కష్టమైన కేసు ఆ పాపదే. ఆపరేషన్ అయ్యాక నాలుగైదు రోజులు తన బృందమే కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి మంగళవారం పొద్దున్నే మొదట ఆ పాపని పెట్టుకున్నాడు. "ఈ పాప ఏది?" అన్నాడు.

"దారిలో ఉంది" అన్నాను. అదీ నా ఇంగ్లీషు గొప్పతనం.

బయటికొచ్చి ఆ ఆసుపత్రిలోని పెద్ద డాక్టరు గారిని అడిగాను, ఈసారి కాకపోతే వచ్చే ఏడాది వీళ్లు మళ్లీ వచ్చినప్పుడు చేయించవచ్చా అని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వచ్చే ఏడాదికి ఆ పిల్ల ఉంటే కదమ్మా" అన్నాడు.

కారు తీయించాను. కోఆర్డినేటర్ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక తలుపు వేసుకునేలోపు, ముందు రోజే సర్జన్ బృందంతో దిగిన ఫౌండేషన్ ఆవిడ వచ్చి అవతలి తలుపు తీసింది. "నేనూ వస్తాను. ఆ ఊరు చూడాలని ఉంది" అంది. వద్దని చెప్పడానికి వంద కారణాలు తోచాయి. రెండేళ్ల అలవాటు చొప్పున నా నోట వచ్చింది మళ్లీ ఆ ఒక్క మాటే. "తప్పకుండా."

దారంతా ఆవిడ వరి చేలు, కాలవలు చూస్తూ ఏవేవో అడుగుతోంది. నేను చెప్తున్నాను గానీ నా మనసు అక్కడ లేదు.

ఆ ఇల్లు చల్లపల్లికి ఇవతల ఒక చిన్న ఊళ్లో ఉంది. ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద పాప తండ్రి నేస్తున్నాడు. నాయనమ్మ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. పాప ఆమెకి ఆనుకుని కూర్చుని దారం అందిస్తోంది. తల్లి వంటింటి గుమ్మంలో నిలబడింది. మమ్మల్ని చూసి అందరూ లేచారు. కుర్చీలు వేశారు, మంచినీళ్లు ఇచ్చారు. "రండమ్మా, ఎండన పడొచ్చారు" అంటూ నాయనమ్మ విసనకర్ర తెచ్చి ఫౌండేషన్ ఆవిడ చేతిలో పెట్టింది. మళ్లీ ఎవరి పనిలో వాళ్లు కూర్చున్నారు గానీ, ఆసుపత్రి ఊసు ఎవరూ ఎత్తలేదు.

నేనే ఎత్తాను. "పెద్దమ్మగారూ, నిన్న రావాలి కదండీ మీరు?"

"వద్దామనే అనుకున్నామమ్మా. రేపు అమావాస్య, పైగా మంగళారం. లక్ష్మివారం విదియ. ఆ రోజు పెట్టండమ్మా, మేమే వచ్చేస్తాం."

"ఆ డాక్టరు ఆదివారం వెళ్లిపోతాడండీ. రేపే చెయ్యాలి."

"అలాగేనమ్మా" అంది ఆమె, రాట్నం వైపు చూస్తూ.

ఆ 'అలాగే'తో నాకు పూనకం వచ్చింది. రెండేళ్ల కష్టం, ఆరు ఖాళీ మంచాలు, కళ్లద్దాలు తుడుచుకున్న పెద్ద డాక్టరు గారు, అన్నీ కలిసి నోట్లోంచి వచ్చేశాయి. "రేపు పిల్ల పోతే మీ అమావాస్య వచ్చి ఏడుస్తుందా?" అన్నాను.

మగ్గం ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప నావైపే చూస్తోంది. పిల్ల ముందు అనాల్సిన మాటేనా అది! ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాయనమ్మ మాత్రం గొంతు పెంచలేదు. దారం పక్కన పెట్టింది. "మా చిన్నోడికి ఆరేళ్లప్పుడు జొరం వచ్చిందమ్మా. అమావాస్య, ఇయ్యాళొద్దని ఇంటిల్లిపాదీ అంటుంటే నేనే మొండికేసి భుజానేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లా. ఇదేం మూఢత్వమని ఆళ్లనే తిట్టా, నువ్విప్పుడు తిట్టినట్టే. ఆణ్ణి మళ్లీ భుజానేసుకునే తెచ్చుకున్నా, ఊపిరి లేకుండా. జొరం వల్ల పోయాడని ఎవురూ అన్లా. నా వల్ల పోయాడన్నారు. ఇరవై ఏళ్లు ఈ ఇంట్లో నా మాటకి ఇలువ లేదు. దీనికేమన్నా అయితే అమావాస్యనెవరంటారమ్మా? నన్నంటారు. మళ్లీ నన్నే మొయ్యమంటావా?"

మొండితనం అనుకుని దెబ్బలాడటానికి వచ్చాను. ఆమె నాకంటే ముందే, నాకంటే ధైర్యంగా, నేను చెప్పిన పనే చేసి దాని ఫలితం అనుభవించిన మనిషి.

ఫౌండేషన్ ఆవిడ నా మోచేయి తాకి, "ఏమంటోంది?" అంది.

నాకు అలవాటైన పని ఒకటుంది. ఎవరు ఏమన్నా నేను దాన్ని నున్నగా చేసి ఇంగ్లీషులో చెప్పేదాన్ని. "చిన్న సందేహాలున్నాయి, తీరుస్తున్నాను" అంటే ఆ రోజూ సరిపోయేది. కానీ పాప ఎదురుగా కూర్చుని ఉంది. ఆ పిల్ల మొహం చూస్తూ అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు. అమావాస్య అంటే ఏమిటో చెప్పాను. చిన్నకొడుకు సంగతి చెప్పాను. ఆమెతో నేను ఏమన్నానో, అది కూడా అన్నది అన్నట్టు చెప్పాను. చెప్తుంటే చెవులు కాలిపోయాయి.

ఆవిడ విసనకర్ర ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "తేదీలు ఒప్పుకున్నప్పుడు ఇది మీకు తెలుసా?" అంది.

"తెలుసు. ఇదిగో, ఇతను చెప్పాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఇంకో ఊరు చూసుకుంటారేమోనని భయం వేసింది."

ఇలాంటి చోట కథల్లో అయితే దాతలు కరిగిపోతారు. ఆవిడకి కోపం వచ్చింది. "రెండేళ్లలో ఒక్కసారి కూడా మీరు నాకు కుదరదని చెప్పలేదు. అన్నిటికీ ఔననే మనిషి మాట ఎంతవరకు నమ్మాలా అని మా వాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. చూసి రమ్మని నన్ను పంపింది అందుకే" అంది. వినయం అనుకుని నేను మోసుకు తిరిగింది అవతల వాళ్లకి అనుమానంగా కనిపిస్తోందని అప్పుడు తెలిసింది. ఆవిడే మళ్లీ, "ఈమెకి గురువారం కావాలి, అంతేనా? సర్జన్‌ని అడిగారా?" అంది.

అడగలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు.

లోపల సిగ్నల్ లేదు. కాలవ గట్టు మీదికి వెళ్లి నేనే సర్జన్ గారికి ఫోన్ చేశాను. పాప దారిలో లేదని, నేను చెప్పింది అబద్ధమని ముందు ఒప్పుకున్నాను. వచ్చిన నలుగురినీ మంగళ, బుధవారాల్లో చేసేసి మిగిలిన ఆరుగురినీ గురువారం నుంచి పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగాను. లెక్క సరిగ్గా సరిపోతుంది. పది మందికి పది మందీ అవుతారు. పదో తరగతి పిల్లకి తోచే ఉపాయం, నాకు రెండు నెలల్లో తోచలేదు.

"మిగతా అయిదుగురూ సరే. ఈ పాపకి గురువారం చేసి ఆదివారం వదిలి వెళ్లలేను" అన్నాడాయన.

"ఉండగలరా మరి?" అన్నాను. ఒక విదేశీయుణ్ణి నేను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదే.

మా వాళ్లతో మాట్లాడి చెప్తానన్నాడు. అరగంట ఆ గట్టు మీదే నిలబడ్డాను. ఆ అరగంటలో నాకు తెలిసిన దేవుళ్లందరి పేర్లూ గుర్తొచ్చాయి, ఆధునికురాలిని కదా! ఫోన్ మోగింది. తాను పై బుధవారం దాకా ఉంటానని, ఐసీయూ డాక్టరు, ఒక నర్సు కూడా టికెట్లు మార్చుకుంటున్నారని చెప్పాడు. నేను థాంక్స్ చెప్పడానికి నోరు రాక ఫోన్ కోఆర్డినేటర్ చేతికిచ్చేశాను. అతను "సార్, చాలా సంతోషమండీ, సార్" అని తెలుగులోనే మూడుసార్లు చెప్పాడు.

ఇంట్లోకి వెళ్లి చెప్పాను. మీరు కోరినట్టే గురువారం అని, మీ పాప కోసం ఆ డాక్టరు తన ప్రయాణం మార్చుకున్నాడని. ముందు అన్న మాటకి క్షమించమని కూడా అడిగాను. నాయనమ్మ నమ్మనట్టు కోఆర్డినేటర్ వంక చూసింది. అతను తలూపాడు.

"మాకోసవా?" అంది.

"మీకోసమేనండీ మామ్మగారూ. రేపు అమావాస్య, ఎల్లుండి పాడ్యమి, మీరు గడప దాటరని తెలుసండీ. అయినా బుధారం సాయంత్రానికి మంచమ్మీద ఉండాలండీ పాప" అన్నాడతను.

ఆమె వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "ఇయ్యాళ చతుర్దశి. ఇదీ మంచిది కాదు" అంది. అంతలోనే లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "అంత దూరం నించొచ్చిన మారాజు ప్రయాణం ఆపుకున్నాడు. నేనొక్క తిథి వదులుకోలేనా? అమ్మాయ్, బట్టలు సర్దవే. కార్లో చోటుందా అమ్మా?"

వెనక సీట్లో అయిదుగురం ఇరుక్కుని విజయవాడ వచ్చాం. తండ్రి తర్వాత బస్సులో వచ్చాడు. దారిలో పాప ఫౌండేషన్ ఆవిడ ఒళ్లోనే నిద్రపోయింది. మిగతా అయిదు ఇళ్లకీ కోఆర్డినేటర్ ఫోన్ చేసి లక్ష్మివారం నుంచే అని చెప్తే, ఒక్కరు కూడా 'అలాగే' అనలేదట. ఎన్నింటికి రావాలని అడిగారట. అప్పుడు నమ్మాడు, వస్తారని.

మంగళ, బుధవారాల్లో నలుగురు పిల్లలకీ ఆపరేషన్లు బాగా జరిగాయి. గురువారం పొద్దున పాపని మంచం మీద థియేటర్‌కి తీసుకెళ్లడానికి సిద్ధం చేశారు. వార్డు తలుపు నుంచి థియేటర్ దాకా పొడుగాటి వరండా. తల్లి మంచం పట్టుకుని ఉంది, తండ్రి ఇంకోవైపు. నేను వార్డు తలుపు వెనక్కి తప్పుకున్నాను.

ఎందుకో చెప్పాలి. మా ఆయన పోయి అప్పటికి పదకొండేళ్లయింది. ఎవరైనా శుభం కోరి బయలుదేరుతుంటే నేను ఎదురు పడకుండా పక్కకి తప్పుకోవడం ఆ పదకొండేళ్లుగా అలవాటు. పొమ్మని నాకెవరూ చెప్పలేదు. ఎవరైనా అంటే ఊరుకునేదాన్నీ కాదు. ఎవరూ అనకముందే నా కాళ్లే జరిగిపోయేవి. ఆఫీసులో మన వాళ్లు విమానాశ్రయానికి బయలుదేరినా, పిల్లలు డిశ్చార్జి అయి వెళ్తున్నా, నాకు ఏదో ఒక ఫైలు పని ఉండేది. అమావాస్యని నమ్మిన వాళ్లని సిగ్గులేదా అన్న మనిషిని నేను. తలుపు వెనక నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ రెండూ ఒకలాంటివేనని నాకు తోచలేదు.

"ఆయమ్మ ఏది? ఇంగ్లీషమ్మ?" అని నాయనమ్మ గొంతు వినిపించింది. తలుపు లాగి నన్ను చూసింది. "ఇక్కడ దాక్కున్నావేంటి? ఎల్లి ఆ చివర నిలబడి ఎదురు రా. పిల్ల బయల్దేరతంది."

"నేను వద్దండీ. మా వారు లేరండీ" అన్నాను.

"తెలుసులే. మీ మోటారు సైకిలాయన చెప్పాడు" అంది. "నాకు మాత్రం ఉన్నాడా? అది పుట్టిన కాణ్ణించీ పొద్దున్నే చూసేది నా మొహమే. ఇన్నాళ్లూ బతికే ఉందిగా? నడువు."

కోఆర్డినేటర్ ఒక మంచినీళ్ల చెంబు తెచ్చి నా చేతిలో పెట్టాడు. వరండా చివర దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. మంచం కదిలింది. ఆ చెంబు రెండు చేతులా పట్టుకుని నేను ఎదురు నడిచాను. ఆ వరండా అంత పొడుగని నాకు ముందు తెలియదు. పాప నన్ను చూసి చెయ్యి ఊపింది.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. సర్జన్ గారు బయటికి వచ్చి బొటనవేలు పైకెత్తి చూపిస్తే, నాయనమ్మకి ఎవరూ అనువాదం చెయ్యక్కర్లేకపోయింది. ఆమె అక్కడే నేల మీద కూలబడి కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ల ఏడుపు అది. కోడలు పక్కన కూర్చుని ఆమెని పట్టుకుంది.

ఆ మధ్యాహ్నం రెండో ఆపరేషన్‌కి ఒక బాబుని సిద్ధం చేస్తున్నారు. నేను మెట్ల దగ్గర ఫౌండేషన్ ఆవిడతో, శాశ్వత విభాగం పెడితే ఏ రోజులు కుదరవో మాట్లాడుతుంటే ఆ బాబు వాళ్లమ్మ వచ్చి మొహమాటంగా నిలబడింది.

"మామ్మగారు చెప్పారండీ. మావాడిక్కూడా మీరే ఎదురు రావాలంటండీ" అంది.

మిగిలిన అయిదుగురికీ నేనే వెళ్లాను. శనివారం ఆఖరి పాపకి నేను రెండు నిమిషాలు ఆలస్యమైతే, వాళ్లు మంచం కదలనివ్వలేదు.